ఎవరితో చెప్పుకోవాలి, ఎంతవరకు చెప్పుకోవాలి?

ఈమధ్య ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. తమ గతాన్నో, జబ్బునో, లోపాన్నో, భయాన్నో మరొకరి ముందు బయటపెట్టాలా, మనసులోనే ఉంచుకోవాలా అని పాఠకులు అడుగుతున్నారు. అందుకే ఈ నెల ఆ ఉత్తరాలకే చోటు కేటాయించాం. మనస్తత్వశాస్త్రంలో దీనిని స్వీయ వెల్లడి అంటారు. 1958లో అమెరికాలో సిడ్నీ జురార్డ్, పాల్ లసాకో అనే ఇద్దరు పరిశోధకులు 60 అంశాలతో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అభిప్రాయాలు, అభిరుచులు, చదువు లేదా ఉద్యోగం, డబ్బు, వ్యక్తిత్వం, శరీరం అనే ఆరు విభాగాల్లో ఏ సంగతిని అమ్మతో ఎంత చెప్పారు, నాన్నతో ఎంత చెప్పారు, స్నేహితులతో, జీవిత భాగస్వామితో ఎంత చెప్పారు అని వారు అడిగారు. ఆ తొలి ఉత్సాహంలో మనసు విప్పి చెప్పుకోవడమే ఆరోగ్యమన్న భావన ప్రబలంగా ఉండేది. తరువాతి దశాబ్దాల పరిశోధన మాత్రం దృష్టిని చెప్పేవారి నుంచి వినేవారి వైపు మళ్లించింది. చెప్పుకోవడం వల్ల కలిగే మేలులో పెద్ద భాగం విన్న మనిషి దానిని ఎలా స్వీకరించాడన్న దాని మీద ఆధారపడి ఉంటుందని ఇప్పుడు మనకు తెలుసు. కింది జవాబులన్నీ ఆ అవగాహన నుంచి రాసినవే.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 27 ఏళ్లు, బ్యాంకులో పనిచేస్తున్నాను. కొన్నేళ్ల కిందట డిప్రెషన్‌కు మందులు వాడాను. డాక్టరు గారి సలహాతోనే ఆపేశాను, ఇప్పుడు బాగున్నాను. ఒక సంబంధం దాదాపు కుదిరింది. అబ్బాయి మంచివారిలాగే ఉన్నారు, ఫోనులో మాట్లాడుకుంటున్నాం. చెబితే సంబంధం తప్పిపోతుందని, ఆ మాట నాలుగు ఇళ్లకు పాకుతుందని అమ్మ భయపడుతోంది. చెప్పకుండా ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందుగా ఆ నిద్ర సంగతి చూద్దాం. రహస్యం భారమయ్యేది ఎవరైనా అడిగినప్పుడు మాట తప్పించవలసి రావడం వల్లనేనని మనం అనుకుంటాం. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్లెపియన్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనాల్లో అంతకంటే ముఖ్యమైన సంగతి తేలింది. జనం దాచుకునే విషయాలను వారు 38 రకాలుగా విడదీసి చూస్తే, సగటున ఒక్కొక్కరి దగ్గర 13 రకాలు ఉన్నాయి. నలుగురిలో మాట దాచవలసి వచ్చే సందర్భాల కంటే, ఏకాంతంలో మనసు పదేపదే ఆ విషయం వైపు మళ్లే సందర్భాలే ఎక్కువ, మనిషిని కుంగదీసేవీ అవే. మీకు ఇప్పుడు జరుగుతున్నది ఇదే. పెళ్లయ్యాక ఆయన ఒక్కసారి కూడా అడగకపోవచ్చు. అయినా ఒంట్లో నలతగా ఉన్న ప్రతి రోజూ, మనసు బాగుండని ప్రతి సాయంత్రమూ మీరు మొహంలో ఏమీ కనబడకుండా సర్దుకోవలసి వస్తుంది. అందువల్ల, నిశ్చితార్థానికి ముందే, మీ నోటితోనే చెప్పమని నా సలహా.

అమ్మగారి భయాన్ని మాత్రం తేలికగా తీసుకోలేను. తమ బలహీనతను బయటపెట్టుకునేవారు తమను తాము తక్కువగా అంచనా వేసుకుంటారనీ, అదే పని మరొకరు చేసినప్పుడు అందులో ధైర్యాన్ని చూస్తారనీ జర్మనీలోని మాన్‌హైమ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆనా బ్రుక్, ఆమె సహచరులు 2018లో చూపారు. ఈ ఫలితాన్ని ఇప్పుడు చాలామంది ఉదాహరిస్తున్నారు, అది నిజంగా ధైర్యమిచ్చే ఫలితమే. కానీ ప్రేమను ముందుగా తెలపడం, పొరపాటు ఒప్పుకోవడం, సాయం అడగడం వంటి సందర్భాలను ఊహించుకోమని చెప్పి చేసిన ప్రయోగాలే వాటిలో ఎక్కువ. మానసిక అనారోగ్యం మీద సమాజానికి ఉన్న చులకన భావం, పెళ్లిసంబంధాల్లో ఇరువైపుల పెద్దల లెక్కలు ఆ ప్రయోగాల్లో లేవు. చెబితే అంతా మంచే జరుగుతుందని ఆ అధ్యయనం పేరు చెప్పి మీకు హామీ ఇవ్వడం న్యాయం కాదు.

కాబట్టి ఎప్పుడు, ఎలా అన్నది ఆలోచిద్దాం. 1973లో అర్విన్ ఆల్ట్‌మన్, డాల్మస్ టేలర్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం సాన్నిహిత్యం రెండు దిక్కులుగా పెరుగుతుంది. ఎన్ని విషయాలు మాట్లాడుకుంటారన్నది వెడల్పు, ఎంత లోపలి సంగతి చెప్పుకుంటారన్నది లోతు. సాధారణంగా వెడల్పు ముందు పెరిగి, లోతు నెమ్మదిగా వస్తుంది. పెద్దలు కుదిర్చే సంబంధాల్లో జీతం, ఆస్తి, జాతకం ముందే చేతులు మారిపోతాయి గానీ, ఇద్దరు మనుషుల మధ్య ఆ నెమ్మదితనానికి సమయం దొరకదు. మొదటి ఫోనులోనే చెప్పవలసిన అవసరం లేదు. ఇష్టాయిష్టాలు, ఉద్యోగంలో ఒత్తిడి, ఇంట్లోవారి ఆరోగ్యం వంటివి కొంత మాట్లాడుకుని, ఆయన కూడా తన కష్టం ఏదో ఒకటి చెప్పుకున్నాక మీ విషయం ఎత్తండి. మధ్యవర్తి ద్వారా మాత్రం వద్దు.

చెప్పేటప్పుడు మూడు సంగతులు వరసగా రావాలి: ఏం జరిగింది, ఏ వైద్యం తీసుకున్నారు, ఇప్పుడు ఎలా ఉన్నారు. "ఫలానా సంవత్సరంలో నాకు డిప్రెషన్ వచ్చింది. డాక్టరు పర్యవేక్షణలో మందులు వాడాను. ఇప్పుడు మందులు లేవు, ఉద్యోగం చేసుకుంటున్నాను. మళ్లీ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్తాను." ఇంత చాలు. క్షమాపణ అడుగుతున్న ధోరణి వద్దు. జ్వరమో, ఆపరేషనో చెప్పుకునేటప్పుడు మనం క్షమాపణ అడగం.

మాట పాకడం గురించి పరిశోధకురాలు సాండ్రా పెట్రోనియో సిద్ధాంతం ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. మన విషయం మరొకరికి చెప్పిన క్షణం నుంచి వారు కూడా దానికి సహ యజమానులవుతారని ఆమె అంటారు. దానిని వారు ఎవరికి చెప్పవచ్చు, ఎవరికి చెప్పకూడదు అన్న నియమాన్ని ముందే మాట్లాడుకోకపోతే అక్కడే తగవు పుడుతుంది. బెల్జియంకు చెందిన బెర్నార్ రిమే, ఆయన సహచరుల పరిశోధన కూడా దీనినే బలపరుస్తోంది. తీవ్రమైన భావోద్వేగం నిండిన సంగతి విన్నవారిలో ఎక్కువమంది దానిని మరొకరికి చెబుతారు. వారందరూ చెడ్డవారు కాదు, విన్నది వారికీ బరువే. అందుకే, "ఇది ముందు మీకు చెబుతున్నాను. మీ అమ్మగారికి చెప్పాలనుకుంటే ఇద్దరం కలిసి చెబుదాం" అని సంభాషణ మొదట్లోనే అనండి, చివర్లో కాదు. మీ వైద్య వివరాల విషయానికొస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మీకు గోప్యత హక్కునిచ్చింది. మిమ్మల్ని చూసిన డాక్టరు గానీ ఆసుపత్రి గానీ మీ అనుమతి లేకుండా పెళ్లివారికి వాటిని ఇవ్వకూడదు. మరోవైపు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ముఖ్యమైన వాస్తవం విషయంలో జరిగిన మోసాన్ని వివాహం రద్దుకు ఒక కారణంగా పేర్కొంటోంది. మీ పరిస్థితి ఆ కోవలోకి వస్తుందని నేను అనడం లేదు, న్యాయస్థానాలు ఒక్కో కేసును విడిగా పరిశీలిస్తాయి. అయినా ముందే చెప్పడం ఆ విధంగానూ మీకు రక్షణే.

ఆ తరువాత ఆయన స్పందనను గమనించండి. తనను అర్థం చేసుకున్నారని, తన మాటకు విలువ ఇచ్చారని, తన మీద శ్రద్ధ ఉందని చెప్పిన మనిషికి అనిపించినప్పుడే సాన్నిహిత్యం ఏర్పడుతుందని హ్యారీ రీస్, ఫిలిప్ షేవర్ 1988లో వివరించారు. ఆయన వెంటనే ఒప్పుకోనక్కర లేదు, ఆలోచించుకోవడానికి సమయం అడగవచ్చు. ప్రశ్నలు అడిగితే మంచిదే. "అప్పుడు నీకు తోడుగా ఎవరున్నారు" అని అడిగే మనిషికీ, "ఇంకెవరికైనా తెలుసా" అని మాత్రమే అడిగే మనిషికీ ఎంతో తేడా ఉంది. ఆ తేడా పెళ్లికి ముందు తెలియడం మీకు జరిగే మేలే గాని నష్టం కాదమ్మా.

ప్రశ్న: గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణిస్తూ, పక్క బెర్తులో ఉన్న పెద్దాయనకు నా అప్పుల సంగతి మొత్తం చెప్పేశాను. సొంత తమ్ముడికి కూడా చెప్పని విషయం అది. ఇలా ఎందుకు జరుగుతుంది?
పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లోనే దీనిని గమనించి రాశారు. దగ్గరివారికి చెప్పని మాటలు పరాయి మనిషికి చెప్పుకుంటామని, అతడు మన బంధాల్లో చిక్కుకుని లేకపోవడమే దానికి కారణమని ఆయన అన్నారు. ఆ పెద్దాయన మీ తమ్ముడిని ఎన్నడూ కలవరు. 1975లో జిక్ రూబిన్ బోస్టన్ విమానాశ్రయంలో విమానం కోసం ఎదురుచూస్తున్న ప్రయాణికులతో ఒక ప్రయోగం చేశారు. పరిశోధకులు ముందు తమ గురించి కొన్ని వాక్యాలు రాసి చూపి, ప్రయాణికులను కూడా వారి గురించి రాయమన్నారు. పరిశోధకుడు రాసింది ఎంత లోపలి సంగతి అయితే ప్రయాణికులు కూడా అంత లోపలి సంగతి రాశారు. అయితే ఆ వాక్యాలు ప్రత్యేకంగా తన కోసమే రాసినట్టు కనిపించి, మరీ ఆంతరంగికంగా ఉన్నప్పుడు మాత్రం ప్రయాణికులు అనుమానించి వెనక్కి తగ్గారు. మీరు చేసిన దానిలో తప్పేమీ లేదు. అప్పు గురించి నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ మాట తమ్ముడి దగ్గరకు చేరాలి, రైల్లోని పెద్దాయన మీతో కలిసి లెక్క చూడలేరు కదా.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఇంట్లో అందరికీ కావలసినవన్నీ సమకూర్చాను. "మీరు నాతో ఏమీ చెప్పరు" అని నా భార్య తరచూ బాధపడుతుంది. ఆఫీసులో జరిగినవన్నీ చెబుతూనే ఉంటాను. మగవాళ్ల స్వభావమే ఇంత అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ స్నేహితులు చెప్పినంత తేడా లేదు. 1992లో కేథరిన్ డిండియా, మైక్ అలెన్ అప్పటివరకు జరిగిన 205 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. ఆడవారు కొంత ఎక్కువ చెప్పుకుంటారన్నది నిజమే గానీ ఆ తేడా చాలా చిన్నది. ఒక మగవాడికీ మరో మగవాడికీ మధ్య ఉండే తేడా అంతకంటే ఎంతో పెద్దది. కాబట్టి స్వభావం అన్న మాటను పక్కన పెడదాం.

ఆఫీసు సంగతులన్నీ చెబుతున్నానని రాశారు. అసలు చిక్కు అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. జాన్-ఫిలిప్ లారెన్సో, ఆయన సహచరులు 1998లో జరిపిన అధ్యయనాల్లో, జరిగిన సంగతి చెప్పడం కంటే ఆ సంగతి తనకు ఎలా అనిపించిందో చెప్పడమే దగ్గరితనాన్ని ఎక్కువగా పెంచింది. 2005లో 96 జంటలు 42 రోజుల పాటు విడివిడిగా డైరీ రాసిన అధ్యయనంలో, చెప్పుకున్న మాటను భాగస్వామి ఆదరంగా అందుకున్నారన్న భావన దగ్గరితనానికి ముఖ్యమైన దారిగా కనిపించింది. "ఈ రోజు కొత్త మేనేజరు మీటింగు పెట్టాడు, నా రిపోర్టు పక్కన పెట్టేశాడు" అన్నది సమాచారం. "అందరి ముందు అలా పక్కన పెడితే నాకు చాలా చిన్నతనంగా అనిపించింది, ఇంకా పదవీ విరమణకు ఇన్నేళ్లు ఎలా గడపాలా అని భయమేసింది" అన్నది మీరు. మీ భార్య అడుగుతున్నది ఈ రెండో వాక్యం. ముప్ఫై ఏళ్ల అలవాటును ఒక్క రోజులో మార్చుకోవలసిన పని లేదు. రోజుకు ఒక్క సంగతికి అలాంటి వాక్యం ఒకటి జోడించండి. ఆవిడ చెప్పేటప్పుడు వెంటనే పరిష్కారం చెప్పకుండా, "తరువాత ఏమైంది" అని ఒక్క ప్రశ్న అడగండి. రెండవది మొదటి దానికంటే కష్టమని నాకు ఎంతోమంది భర్తలు చెప్పారు.

ప్రశ్న: నేను ప్రైవేటు ప్రాక్టీసు చేస్తున్న వైద్యుడిని. నాకూ మధుమేహం ఉంది. ఇన్సులిన్ అంటే భయపడే రోగులకు నా సంగతి చెబితే ధైర్యం వస్తుందని నా నమ్మకం. సీనియరు డాక్టరు ఒకరు అది వృత్తి ధర్మం కాదన్నారు. మీ అభిప్రాయం?
పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈ వివాదం మీకంటే, ఆ సీనియరు గారి కంటే పాతది. వైద్యుడు రోగికి అద్దంలా ఉండాలని, రోగి చూపించిన దానినే తిరిగి చూపాలి తప్ప తన గురించి ఏమీ కనబడనివ్వకూడదని ఫ్రాయిడ్ 1912లో రాశారు. మనోవిశ్లేషణ చేసేవారి కోసం రాసిన ఆ నియమం కాలక్రమంలో ఇతర వైద్యులకూ మర్యాదగా స్థిరపడింది. సిడ్నీ జురార్డ్ దీనికి ఎదురు వాదన చేశారు. నర్సులకు బోధించేటప్పుడు, వృత్తి పేరుతో నేర్చుకున్న పైపై నవ్వు రోగిని మరింత దూరం చేస్తుందని ఆయన అనేవారు. ఇద్దరి వాదనల్లోనూ సత్యం ఉంది గనుక, అసలు పరీక్ష గదిలో ఏం జరుగుతుందో చూసిన అధ్యయనమే మనకు ఎక్కువ అక్కరకు వస్తుంది.

అటువంటి అధ్యయనాన్ని సూజన్ మెక్‌డానియల్, ఆమె సహచరులు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ ప్రాంతంలో జరిపి 2007లో ప్రచురించారు. 100 మంది వైద్యులు ముందుగా సమ్మతి తెలిపారు. తరువాత, శిక్షణ పొందిన నటులు రోగులుగా వారి దగ్గరకు వెళ్లారు. ఎవరు నటుడో, ఎవరు నిజమైన రోగో వైద్యుడికి తెలియదు, సంభాషణ రికార్డు అవుతుంది. విశ్లేషించిన 113 సందర్శనల్లో 38 సార్లు వైద్యులు తమ సొంత సంగతి ఎత్తారు. తమ కుటుంబం, తమ జబ్బు, తమ వ్యాయామం, తమ ప్రయాణాలు, అన్నీ వచ్చాయి. ఆ మాటల్లో దాదాపు 85 శాతం రోగికి ఉపయోగపడినట్టు పరిశోధకులకు కనిపించలేదు. 11 శాతం సంభాషణకు అడ్డుతగిలాయి. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన సంగతి మరొకటి. వైద్యుడు తన సంగతి చెప్పడం ముగించాక, రోగి అంతకుముందు మాట్లాడుతున్న విషయానికి తిరిగి రావడం సుమారు అయిదింట ఒక్కసారి మాత్రమే జరిగింది. ఎవరూ దురుద్దేశంతో చేసినది కాదు. మాట తన వైపు తిరిగాక తిరిగి అటు మళ్లించడం మరిచిపోయారు, అంతే.

అలాగని చెప్పవద్దని నేను అనను. మానసిక చికిత్సలో జరిగిన పరిశోధన చూస్తే, చికిత్సకుడు రోగి మాటకు ప్రతిగా, క్లుప్తంగా తన సంగతి చెప్పినప్పుడు రోగి బాధ తగ్గిన దాఖలాలు ఉన్నాయి. 2001లో మార్నా బారెట్, జెఫ్రీ బెర్మన్ ప్రచురించిన ప్రయోగం అందుకు ఒక ఉదాహరణ. తేడా అంతా పరిమాణంలోనూ, తిరిగి రావడంలోనూ ఉంది. రోగి "సూది అంటే భయమండీ, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం తప్పదట కదా" అన్నారనుకుందాం. "నాకూ మొదట్లో ఆ భయం ఉండేది, ఇప్పుడు రోజూ నేనే వేసుకుంటున్నాను. మీకు ఎక్కువ భయం సూది గురించా, జీవితాంతం అన్న మాట గురించా?" అని మీరు అడిగితే, మీ సంగతి ఒక్క వాక్యంలో ముగిసి గది మళ్లీ రోగిదవుతుంది. అదే మీరు ఏ కంపెనీ ఇన్సులిన్ వాడుతున్నారో, మీ చక్కెర ఎంత తగ్గిందో చెప్పడం మొదలుపెడితే, రోగి తన మోతాదును మీ మోతాదుతో పోల్చుకుంటాడు, ఆ పోలిక వైద్యపరంగానే ప్రమాదం. మీ జబ్బు ఇంకా మీకే మింగుడుపడని రోజుల్లో కూడా ఆ మాట ఎత్తకండి. రోగి మిమ్మల్ని ఓదార్చవలసిన పరిస్థితి ఎన్నడూ రాకూడదు. ఈ ఒక్క విషయంలో మీ సీనియరు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఇంటర్‌లో నేను ఒకసారి తప్పానని పదో తరగతి పిల్లలకు చెప్పాను. పిల్లలకు చులకనైపోతారని తోటి ఉపాధ్యాయులు మందలించారు.
పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు చెప్పినదానిలో పాఠానికి సంబంధం ఉంది, పిల్లల భయానికి సంబంధం ఉంది, ఆ కష్టం నుంచి మీరు బయటపడ్డారు. ఈ మూడూ ఉన్నప్పుడు చులకన అవుతారన్న భయం అక్కర లేదు. జోసెఫ్ మేజర్, అతని సహచరులు 2007లో చేసిన ప్రయోగంలో, ఫేస్‌బుక్ పేజీలో తన గురించి ఎక్కువగా తెలియజేసిన అధ్యాపకురాలి తరగతి మీద విద్యార్థులు ఎక్కువ ఆసక్తి చూపారు. అయితే అది కాలేజీ విద్యార్థులతో, ఊహాజనిత తరగతితో చేసినది. పదో తరగతి పిల్లల విషయంలో నేను ఒక గీత గట్టిగా గీస్తాను. ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న కష్టాలు, తోటి ఉపాధ్యాయులతో మనస్పర్థలు తరగతిలోకి రాకూడదు. పిల్లలు మార్కుల కోసం మీ మీద ఆధారపడినవారు, విననని చెప్పి లేచిపోలేరు.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. నాయకులు తమ బలహీనతలను దాపరికం లేకుండా చెప్పాలని మా శిక్షణ తరగతిలో చెప్పారు. తరువాతి మీటింగులో "నాకు ప్రెజెంటేషన్లంటే భయం, నిర్ణయాలు తీసుకోవడంలో నేను బలహీనుణ్ణి" అని టీమ్‌కు చెప్పాను. అప్పటినుంచి ఇద్దరు ప్రతిదానికీ నాతో వాదిస్తున్నారు. నేను చేసింది తప్పా?
పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పు మీది కాదు. మీకు సగం పాఠమే చెప్పారు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెనే బ్రౌన్ 2010లో చేసిన ప్రసంగం తరువాత ఈ ఆలోచన కార్పొరేట్ శిక్షణల్లోకి విస్తారంగా వచ్చింది. ఆలోచన మంచిదే, కానీ కార్యాలయంలో హోదా అనే అంశం దాని పనితీరును మార్చేస్తుంది. కెరీ గిబ్సన్, డానా హరారీ, జెన్నిఫర్ మార్ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, హోదాలో పైనున్న వ్యక్తి తన బలహీనతను బయటపెట్టినప్పుడు ఆయన ప్రభావం తగ్గింది, వాదులాటలు పెరిగాయి, ఆయన మీద ఇష్టం కూడా తగ్గింది. అదే సంగతి సమాన హోదాలో ఉన్నవారు చెప్పినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. మీరు వర్ణించిన పరిస్థితి దీనికి చాలా దగ్గరగా ఉంది.

ఇంకా పాత ప్రయోగం ఒకటి ఇక్కడ గుర్తుచేయాలి. 1966లో ఎలియట్ అరన్సన్ బృందం విద్యార్థులకు ఒక క్విజ్ అభ్యర్థి టేపు వినిపించింది. 92 శాతం ప్రశ్నలకు సరైన జవాబు చెప్పిన అభ్యర్థి చివర్లో కాఫీ ఒలకబోసుకుంటే విద్యార్థులకు అతడు మరింత నచ్చాడు. 30 శాతమే చెప్పినవాడు అదే పని చేస్తే వారికి ఉన్న ఇష్టం కూడా తగ్గింది. సామర్థ్యం మీద నమ్మకం ముందే ఉన్నచోట లోపం మనిషిని దగ్గర చేస్తుంది. ఆ నమ్మకం ఇంకా ఏర్పడనిచోట లోపమే మిగులుతుంది. మీరు ఆ పదవికి కొత్తవారా అన్నది ఉత్తరంలో లేదు, కొత్తవారైతే ఇది మరీ వర్తిస్తుంది.

అయితే నోరు మూసుకుని గంభీరంగా ఉండమని దీని అర్థం కాదు. హార్వర్డ్‌కు చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను అధ్యయనం చేసి 1996లో ఒక సంగతి బయటపెట్టారు. మంచి నాయకత్వం ఉన్న విభాగాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడి నర్సులకు చెప్పడానికి భయం లేకపోవడమే దానికి కారణమని ఆమె వాదించారు. అక్కడ బయటపడింది పనిలో జరిగిన నిర్దిష్టమైన పొరపాటు. ఆ తేడాను పట్టుకోండి. "నేను నిర్ణయాలు తీసుకోలేను" అన్నది మీ మీద మీరు చెప్పుకున్న తీర్పు. దానితో టీమ్ ఏం చేయగలదు? "గత రిలీజులో డేటాబేస్ మార్పును నేను ఆలస్యంగా ఆమోదించాను, అందువల్ల మీరు శనివారం కూర్చోవలసి వచ్చింది. ఈసారి బుధవారంలోపు తేల్చేస్తాను, ఆలస్యమైతే గుర్తుచేయండి" అన్నది పని గురించిన మాట. ఇందులో ఒప్పుకోలూ ఉంది, దారీ ఉంది, కింది ఉద్యోగికి మాట్లాడే అవకాశమూ ఉంది. ప్రెజెంటేషన్ భయం గురించి మీ స్థాయిలోనే ఉన్న మరో లీడ్‌తో మాట్లాడండి, వినే మనిషిగా వారే సరైనవారు. ఆ ఇద్దరితోనూ విడిగా కూర్చుని, ఏ నిర్ణయాల్లో వారి అభిప్రాయం తీసుకుంటారో, ఏవి మీరే తీసుకుంటారో స్పష్టంగా చెప్పండి. చెప్పిన మాటను వెనక్కి తీసుకోవలసిన పని లేదు.

ప్రశ్న: ఎం.ఎస్. పూర్తిచేసి డల్లాస్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. నా స్నేహితురాలూ అదే పరిస్థితిలో ఉంది. రోజూ రాత్రి గంటల తరబడి ఫోనులో ఇద్దరం గోడు వెళ్లబోసుకుంటాం. మా స్నేహం గట్టిపడింది గానీ ఫోను పెట్టేశాక ఇంకా దిగులుగా ఉంటోంది. చెప్పుకుంటే బరువు తగ్గాలి కదా?
పాఠకురాలు, అమెరికా

జవాబు: మీరు గమనించిన రెండు సంగతులూ కలిసే జరుగుతాయని అమాండా రోజ్ పరిశోధన చెబుతోంది. ఒకే సమస్యను ఇద్దరూ కలిసి పదేపదే తిరగేస్తూ, దాని బాధ దగ్గరే ఆగిపోవడాన్ని ఆమె 2002లో విడిగా గుర్తించి అధ్యయనం చేశారు. 2007లో వచ్చిన తదుపరి అధ్యయనంలో, ఇలా మాట్లాడుకునే అమ్మాయిల్లో కొన్ని నెలల తరువాత స్నేహం బలపడింది, దిగులు లక్షణాలూ పెరిగాయి. ఆ అధ్యయనాలు బడి వయసు పిల్లల మీద జరిగినవే అయినా మీ వర్ణన దానికి సరిగ్గా సరిపోతోంది. బెర్నార్ రిమే కూడా ఇదే అంటారు. చెప్పుకోవడం వల్ల మనిషికి మనిషి దగ్గరవుతారు గానీ, చెప్పుకున్నంత మాత్రాన ఆ భావోద్వేగం తీవ్రత తగ్గదు. ఆ సంగతిని కొత్త కోణంలో చూడగలిగినప్పుడే తగ్గుతుంది.

స్నేహాన్ని వదులుకోవద్దు, ఫోను తీరు మార్చండి. మొదటి ఇరవై నిమిషాలు బాధకు ఇచ్చి, తరువాత రేపు ఎవరు ఏ దరఖాస్తు పంపుతారో, ఎవరిని రిఫరల్ అడుగుతారో మాట్లాడుకోండి, ఆపైన ఉద్యోగానికి సంబంధం లేని మాటలు మాట్లాడుకోండి. దిగులు మరీ లోపలికి దిగినట్టుంటే రాయడం కూడా ప్రయత్నించవచ్చు. జేమ్స్ పెన్‌బేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన అనుభవం గురించి రాశారు. సంగతినీ, దాని వెనకున్న భావాన్నీ కలిపి రాసినవారు తరువాతి ఆరు నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్లారు. 2006లో జోవాన్ ఫ్రాటరోలీ 146 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మేలు ఉన్నమాట నిజమే గానీ అది చిన్నదని తేలింది, కాబట్టి అద్భుతం ఆశించవద్దు. తెలుగులోనే రాయండి, తప్పొప్పులు చూసుకోవద్దు, ఎవరికీ చూపించనక్కర లేదు. రాస్తున్నకొద్దీ మనసు మరింత చెదురుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి. బ్రతకాలనిపించని ఆలోచనలు వస్తే మాత్రం ఉత్తరం రాసి జవాబు కోసం ఆగవద్దు. అమెరికాలో ఉన్నారు గనుక వెంటనే అక్కడి ఆత్మహత్యల నివారణ సహాయ నంబరు 988కు ఫోను చేయండి. మన దేశంలో ఉన్న పాఠకులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా చేయవచ్చు, అక్కడ తెలుగులోనే మాట్లాడతారు.